కలలో పప్పు వడ్డించినావిడ

దర్శి మండలం,
ఫిబ్రవరి 2001

గౌరవనీయులైన ఆత్రేయ గురువు గారికి మిరప రైతు చెంచురామయ్య నమస్కరించి రాసేది.

ఇక్కడ అంతా క్షేమం అని రాద్దామంటే కలం సాగడం లేదు. నా భార్య కోటిరత్నం అలిగి పిడుగురాళ్లలో పుట్టింటికి వెళ్ళిపోయింది. కారణం, నేను నిద్రలో మాట్లాడటం. "మీ చేతి పప్పు అమృతమండీ, ఇంకొంచెం వెయ్యండి" అంటున్నానట. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచి తన వంటను ఒక్కసారీ మెచ్చుకోని మొగుడు, నిద్రలో ఎవర్నో 'అండీ' అంటూ మెచ్చుకుంటుంటే ఏ ఆడది ఊరుకుంటుంది? "ఆవిడెవరో చెప్పేదాకా నీ గడప తొక్కను" అని వెళ్ళింది. ఎవరని చెప్పను? తెల్లారేసరికి ఆవిడ ముఖం మాట దేవుడెరుగు, పప్పు కూడా గుర్తుండటం లేదు.

మెలకువ పోకుండా తిన్నగా కలలోకి నడిచివెళ్ళే విద్య పోస్టులో నేర్పుతారని వారపత్రికలో మీ ప్రకటన చూశాను. రుసుముకు మనియార్డరు (ఎం.ఓ.) చేశాను. నేను లోపలికి వెళ్ళి ఆవిడ పేరు కనుక్కుని రావాలి. కాయ కోతకొచ్చింది. కోటిరత్నం లేకపోతే ఇల్లూ చేనూ రెండూ నాకు చేతకావు. తొందరగా నేర్పగలరు.

ఇట్లు,
చెంచురామయ్య

తా.క.: అది కందిపప్పా, పెసరపప్పా అని మా అత్తగారు కబురు చేశారు. ఆ పాఠం కూడా ఉందా?

&nbsp;

జాగ్రత్ స్వప్న విద్యాపీఠం,
గుంటూరు

చిరంజీవి చెంచురామయ్యను స్వప్నాచార్య ఆత్రేయ ఆశీర్వదించి రాయునది.

నీ భార్యది అజ్ఞానం. కల మిథ్య. మిథ్యలో తిన్న పప్పుకు అసూయ ఏమిటి?

మొదటి పాఠం ఇది. మధ్యాహ్నం భోజనం కాగానే వెల్లకిలా పడుకో. ఒళ్ళు నిద్రపోవాలి, నువ్వు నిద్రపోకూడదు. దురద పుట్టినా గోక్కోకు, ఎవరు పిలిచినా పలకకు. కళ్ళ ముందు రంగులు తిరుగుతాయి, చెవుల్లో హోరు పుడుతుంది. భయపడకు.

ఇంకొకటి. పగలు, వీలైతే పదిమందిలో ఉన్నప్పుడు, ఒక చేత్తో రెండో చేతి వేళ్ళు పట్టుకుని లెక్కపెడుతూ "ఇది కలా, నిజమా?" అని ప్రశ్నించుకో. కలలో ఆ లెక్క తప్పుతుంది. ఈ అలవాటు ముదిరితే కలలోనూ అదే పని చేసి, అది కలేనని పట్టేస్తావు.

శుభాశీస్సులతో,
ఆత్రేయ

తా.క.: పప్పు సంగతి పై కోర్సులో వస్తుంది. దానికి రుసుము వేరు.

&nbsp;

దర్శి మండలం

గురువు గారికి చెంచురామయ్య దణ్ణాలు.

మీరు చెప్పింది చెప్పినట్టే చేశాను. కల్లంలో మిరపకాయల పక్కన పట్టా పరుచుకుని పడుకున్నాను. కూలీలు పిలిచారు, పలకలేదు. ఘాటు ముక్కుకెక్కింది, తుమ్మలేదు. కళ్ళ వెంట నీళ్ళు మాత్రం కారాయి. "చచ్చిపోయి కూడా పెళ్ళాం కోసం ఏడుస్తున్నాడు" అని ఒకావిడ రాగం అందుకుంది. పక్క చేను అంకమ్మరావు పాడెకు వెదుళ్ళు పురమాయిస్తుంటే ఇక లాభం లేదని లేచి కూర్చున్నాను. సగం మంది పరిగెత్తారు.

అది చిన్న విషయం. అసలుది వినండి. గేదెకు పలుపుతాడు కొందామని పశువుల సంతకు వెళ్ళాను. ఇంట్లో చూసేవాళ్ళు లేరని గేదెనూ తోలుకెళ్ళాను. అది కోటిరత్నం పుట్టింటివాళ్ళు ఇచ్చిన గేదె. సంతలో పదిమందీ ఉన్నారు గదా అని మీ లెక్క మొదలుపెట్టాను. సిగ్గేసి చేతుల మీద తువ్వాలు కప్పుకున్నాను.

మా సంతలో బేరం నోటితో చెప్పరు గురువు గారూ. తువ్వాలు కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని చెబుతారు, గట్టిగా నొక్కితే ఒప్పుకున్నట్టే. నేను కళ్ళు మూసుకుని లెక్కపెడుతుంటే బాపయ్య అనే దళారి వచ్చి తన చెయ్యి కూడా లోపల పెట్టాడు. ఐదు దాటాక కూడా వేళ్ళు వస్తూనే ఉన్నాయి! "కలే! ఇది కలే!" అని సంబరంగా వాటన్నిటినీ గట్టిగా నొక్కాను. "ఖాయం" అన్నాడు బాపయ్య. కళ్ళు తెరిచేసరికి గేదె వాళ్ళ దొడ్డికి నడుస్తోంది. తువ్వాలు కింద ఒప్పుకున్న బేరం కాదంటే ఇక సంతలో మొహం చూపించలేను.

కోటిరత్నం ఇక జన్మలో రాదు.

ఇట్లు,
చెంచురామయ్య

తా.క.: ఒక్క మాట అడుగుతాను, ఏమనుకోకండి. ఇదంతా కల అయ్యే అవకాశం ఏమన్నా ఉందా?

&nbsp;

గుంటూరు

చిరంజీవి చెంచురామయ్యకు ఆశీస్సులు.

నీ ఉత్తరం చూసి సంతోషించాను. గేదె పోవడం మంచి సూచన. మమకారం వదలందే కల తలుపు తెరుచుకోదు. అయితే నేను లెక్కపెట్టమన్నది నీ వేళ్ళు, బాపయ్యవి కావు. దీనికి విద్యాపీఠం బాధ్యత వహించదు.

రెండో పాఠం. హోరు పుట్టాక, కదలకుండానే లేచి నడుస్తున్నట్టు అనుకో. తలుపు కనిపిస్తే తోసుకుని వెళ్ళు. ఎదురైన మనిషిని పేరు అడుగు. సందేహించకు, నేను రోజూ వెళ్ళివచ్చేవాణ్ణి.

ఆత్రేయ

తా.క.: ఉత్తీర్ణులైనవారి ఫొటోలు ప్రకటనలో వేస్తున్నాం. గేదె లేకుండా దిగింది ఉంటే పంపు.

&nbsp;

దర్శి మండలం

గురువు గారికి వెయ్యి దణ్ణాలు.

కోటిరత్నం వచ్చేసింది! నా కోసం కాదు, గేదె కోసం. బస్సు దిగి ఇంటికైనా రాకుండా బాపయ్య ఇంటి మీదకు పోయింది. "ఏమయ్యా, కళ్ళు మూసుకుని కలే కలే అని అరిచేవాడితో బేరమా? నేనూ కలే అనుకుని నాలుగు తగిలించనా?" అని బజారంతా వినేలా అడిగింది. సాయంత్రానికి గేదె ఇంటికొచ్చింది. నాతో మాత్రం, "ఆవిడెవరో తేలకపోతే రేపు దీన్ని తోలుకుని పోతున్నా" అంది.

ఏడుపొచ్చింది. పోయి పడుకున్నాను. అప్పుడు జరిగింది గురువు గారూ! రంగులు తిరిగాయి, చెవుల్లో ట్రాక్టరు నడిచింది, ఒళ్ళు బిగుసుకుపోయింది. నేను మాత్రం పూర్తి తెలివిలో ఉన్నాను. ఎదురుగా నీలం రంగు తలుపు. తోశాను. కళ్ళజోడు పెట్టుకుని, చెవి మీద కలం దోపుకున్న ఒకావిడ పప్పు మెదుపుతోంది. "మళ్ళీ వచ్చారా? చెప్పులు బయట విడవండి" అంది. పేరు అడిగితే, "పేరుతో ఏం పని, ముందు తినండి" అంది. పక్కనే పడక్కుర్చీలో ఒక పెద్దాయన పొట్ట మీద కాగితాల కట్ట పెట్టుకుని గురక పెడుతున్నాడు. "ఆయన్ని లేపకండి. జనానికి మెలకువగా ఉండటం నేర్పుతున్నారు" అంది.

లేచి ఉన్నదున్నట్టు కోటిరత్నానికి చెప్పాను. కడుపు పట్టుకుని నవ్వింది. "మొగుణ్ణి పక్కనే పెట్టుకుని అన్నం పెట్టే ఇల్లాలి మీద నాకేం కోపం? అయినా అబద్ధమాడేవాడు ఇంతకంటే మంచి కల చెబుతాడు" అంది. ఆ పూట భోజనంలో, "నీ పప్పు బాగుంది కోటిరత్నం" అన్నాను. మెలకువలోనే అన్నాను. అడక్కుండానే ఇంకో గరిటెడు వేసింది. ఇక వెళ్ళదట.

ఇట్లు,
చెంచురామయ్య

తా.క.: కందిపప్పే. పై కోర్సు అక్కర్లేదు.

&nbsp;

గుంటూరు

శ్రీయుత చెంచురామయ్య గారికి నమస్కారాలు.

మా వీధి తలుపు నీలం రంగు. మా ఆవిడ మహతి కళ్ళజోడు పెట్టుకుంటుంది. పాఠాలన్నీ నేను చెబుతుంటే ఆవిడే రాస్తుంది కాబట్టి కలం ఎప్పుడూ చెవి మీదే ఉంటుంది. పడక్కుర్చీ గురించి నేనేమీ అనను.

తమరు మా ఇంటికి ఎన్నాళ్ళుగా వస్తున్నారు? నిన్న మధ్యాహ్నం మహతి నిద్రలో, "మొహమాటపడకండి, ఇంకాస్త వేసుకోండి" అంది. నవ్వుతూ అంది! నాతో ఏనాడూ అలా అనలేదు. ఎవరితో అన్నావంటే, "గుర్తులేదు. మిథ్యకు అసూయ ఏమిటండీ?" అంది. నాకు అన్నం సహించడం లేదు.

ఈ మాట తమ కడుపులోనే దాచుకోండి. నేను పడుకోగానే నిద్రపోతాను. మెలకువతో లోపలికి ఒక్కసారీ వెళ్ళలేదు. పాఠాలు ఒక ఇంగ్లీషు పుస్తకం చూసి రాయించినవి. ఇప్పుడు నా ఇంట్లో ఏం జరుగుతోందో చూడటానికైనా నేను వెళ్ళి తీరాలి. ఎలా వెళ్ళారో దయచేసి వివరంగా రాయండి. ఎం.ఓ. చేస్తాను.

భవదీయుడు,
ఆత్రేయ

తా.క.: అన్నయ్య గారూ, ఈ ఉత్తరం ఈయనే రాసి, పోస్టు డబ్బాలో వెయ్యమని నాకే ఇచ్చారు. ఈసారి వచ్చేటప్పుడు వదిన గారిని కూడా తీసుకురండి. ఈయన ఎలాగూ లేవరు. – మహతి