బాత్రూమ్ గడియ

ఆసుపత్రి లాండ్రీలో ముప్పై ఒక్క ఏళ్లు దుప్పట్లు ఉతికి, మడిచి రిటైరైన, అందరూ దుప్పట్లమ్మ అని పిలిచే నేను, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో, కళ్లజోడు పెట్టుకుని మరీ రాస్తున్న వీలునామా ఇది. మోకాళ్లు నా మాట వినడం మానేశాయి. కడుపు మాత్రం నిక్షేపంగా ఉంది, ఎప్పుడూ నిక్షేపంగానే ఉంది. మా అమ్మాయి ఈ సంగతి గుర్తుపెట్టుకుని మూడో అంశం చదవాలి.

1. నేనుంటున్న రెండు గదుల ఇల్లు, సామానుతో సహా, మా ఆయన జీవించినంత కాలం ఆయనది, తరువాత మా అమ్మాయిది. వంటింటి బల్ల ఊగుతోందని దాని కాలి కింద ఆయన దోపిన నవలని మాత్రం బయటికి లాగేశాను. నేను చదవాల్సినవి ఇంకా ఇరవై పేజీలే ఉన్నాయనగా దోపారు. పదకొండేళ్లు ఓర్చుకున్నాను. కాబట్టి ఆ బల్ల ఊగుతూనే ఆయనకి చెందుతుంది.

2. నా నూట పద్నాలుగు పుస్తకాలు లాండ్రీలో ఆడవాళ్ల విశ్రాంతి గదికి. తడి చేతులతో తిప్పారని ఎవరినీ ఏమీ అనకూడదు. నావన్నీ అలా ఉబ్బినవే.

3. మా అమ్మాయికి, పాత క్వార్టర్స్ ఖాళీ చేసేటప్పుడు స్క్రూలతో సహా ఊడదీసి తెచ్చుకున్న బాత్రూమ్ గడియ.

తల్లీ, నీ చిన్నప్పుడు రోజూ సాయంత్రం నాకొచ్చే కడుపునొప్పి శుద్ధ అబద్ధం. డ్యూటీ దిగి, పొయ్యి మీద వంట పడేసి, లోపలికెళ్లి గడియ వేసుకుని, బకెట్ బోర్లించి దానిమీద కూర్చుని చదువుకునేదాన్ని. పేజీల చప్పుడు వినపడకుండా కొళాయి తిప్పి ఉంచేదాన్ని. చదువుకుంటానంటే అందరికీ ఏదో ఒక పని గుర్తొచ్చేది. నొప్పంటే ఎవరూ అడ్డు రాలేదు. మీ నాన్న కంగారుపడి డాక్టరు దగ్గరికి లాక్కెళ్లారు. నా సంచిలోంచి తొంగిచూస్తున్న పుస్తకం డాక్టరు గారి కంటబడింది. రోజూ అరగంట తలుపేసుకుని విశ్రాంతి తీసుకోవాలని చీటీ రాసిచ్చారు. ఆయన చల్లగా ఉండాలి.

నువ్వు మాత్రం నిజంగా నమ్మావు. ఆరేళ్లదానివి, తలుపు బయట కూర్చుని తగ్గిందా అమ్మా అని అడిగేదానివి. ఒకరోజు గ్లాసుతో వేడినీళ్లు తెచ్చి, నేను వచ్చేదాకా పట్టుకుని నిలబడ్డావు. అవి చల్లారిపోయాయి. నువ్వున్నావని తెలిసి కూడా అధ్యాయం పూర్తిచేసే వచ్చాను. అమ్మకి మందిస్తానని పట్టుబట్టి చదివి, ఇవాళ మందుల కౌంటర్లో ఉద్యోగం చేస్తున్నావు. నిజం చెప్పడానికి ఇన్నేళ్లూ నాకు నోరు రాలేదు. నన్ను క్షమించు.

ఇద్దరు పిల్లలతో, షిఫ్టులతో, పుస్తకం ముట్టుకుని నాలుగేళ్లయిందని మొన్న నవ్వుతూ అన్నావు. నాకు నవ్వు రాలేదు. మన మాటల్లో గడియంటే తలుపుకి వేసేదీ అవును, ఇరవై నాలుగు నిమిషాలూ అవును. రెండూ నీకే రాసిస్తున్నాను.

4. దీన్ని అమలు చేసే బాధ్యత అల్లుడిది. గడియని వాళ్ల పడకగది తలుపుకి బిగించి, రోజూ ఆ ఇరవై నాలుగు నిమిషాలు పిల్లల్ని తనే చూసుకోవాలి. మంచివాడే. పని చెబితే చేస్తాడు, చెప్పకపోతే ఫోను చూస్తాడు. అందుకే రాతపూర్వకంగా చెబుతున్నాను.

5. ఎంత చూసుకున్నా పిల్లలు వచ్చి తలుపు కొడతారు. తల్లీ, వాళ్లకి ఏ నొప్పీ చెప్పకు. అమ్మ చదువుకుంటోంది అని చెప్పు. ఆ ఒక్క ముక్క చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

తేదీ: జూన్ పదకొండు, ఆదివారం
సంతకం: దుప్పట్లమ్మ

చదివించుకుని, నా ఎదుటే సంతకం చేసిన సాక్షులు:
1. లాండ్రీలో నా పక్క బల్ల మీద ఇస్త్రీ చేసిన అక్క
2. పక్క వాటా టైలరు గారు