సద్దులు రాకముందే పన్నెండెట్ల నిండుతయ్

దేవరుప్పులలో ఉన్న మా అక్క ఎల్లవ్వ కాళ్లకు దండం పెట్టి, పట్నం నుంచి చెల్లె నర్సవ్వ రాసేది. నా మోకాళ్లను పక్కన పెడితే ఇక్కడ అందరం మంచిగనే ఉన్నాం. అక్కడ నీ దగ్గు తగ్గిందా? బర్రె ఈనిందా? నీ కొడుకు సోమయ్య పత్తికి మందు కొట్టేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకుంటున్నాడా? కట్టుకోడు, నాకు తెలుసు, నువ్వే దగ్గరుండి కట్టు. నీ మనుమరాలు రమ నా దగ్గర క్షేమంగా ఉంది. ముందే రాస్తున్నాను, మళ్లీ కూడా రాస్తాను. రమ క్షేమంగా ఉంది.

సుజాతా, అత్తకు ఈ ఉత్తరం చదివి వినిపించేది నువ్వే కదా. మధ్యలో ఆపకుండా చదువు బిడ్డా. ఫోన్లో చెబితే అక్క సగం మాటకే తిట్లు మొదలుపెడుతుంది. ఉత్తరమైతే చివరిదాకా వినక తప్పదు. రమ ఊరికి రాగానే అంతా చెబుతుంది. దాని నోటితో వినేకంటే ముందు నా చేతి రాతలో వినండి. రాత్రిబడిలో నేర్చుకున్న అక్షరాలు, వంకరగా ఉంటే సర్దుకుని చదువు.

నేను పట్నం వచ్చి ఆరు నెలలు దాటింది. ఇక్కడి నీళ్లలో పప్పు ఉడకదు. వాన పడితే బస్తీలో మోకాలి లోతు మురికి. నా బిడ్డ లక్ష్మి దవాఖానలో ఆయా పనికి పొద్దున్నే పోతుంది, అల్లుడు శంకర్ ఆటో తీసుకుని పోతాడు, మనుమరాలు సరిత బడికి పోతుంది. ఇక నేనూ గోడలూ. మాట్లాడడానికి మనిషి లేక మొదట్లో పిచ్చిలేసేది. ఇప్పుడు పక్క గదుల్లో ఉండి చదువుకునే పిల్లలకు జొన్నరొట్టెలు చేసి ఇస్తున్నాను. మన జనగామ వైపు పిల్లలూ ఉన్నారు, భూపాలపల్లి వాళ్లూ ఉన్నారు. తెలంగాణ కోసం ఊరేగింపుకు పోయి, పోలీసులు వదిలిన పొగకు కళ్లు ఎర్రగా చేసుకుని వచ్చి రొట్టెలు తింటారు. వాళ్లు తిరిగి వచ్చేదాకా నా పాణం పాణంలో ఉండదు. బస్తీ మొదట్లో టెంటు వేసి రోజుకు కొందరు దీక్షకు కూర్చుంటున్నారు. ఒక రోజు నేను కూడా కూర్చున్నాను. షుగర్ గోలీ వేసుకునే కూర్చున్నాను, పరేషాన్ కావద్దు. ఆ రోజు ఒక ఆడమనిషి మైకు పట్టుకుని, "మేం బిచ్చమడుగుతలేం, మాది మాకియ్యమంటున్నం" అంది. ఆ మాట నా లోపల ఎక్కడో కూర్చుంది. అసలు సంగతి చెప్పేముందు ఈ మాట ఎందుకు రాశానో తర్వాత మీకే తెలుస్తుంది.

దసరా సెలవులకు రమను పంపినప్పుడు నువ్వేమన్నావు? "తోలిచ్చినట్టే మళ్ల తోలియ్యాలె చెల్లె, ఏడ పడితే ఆడ తిప్పకు" అన్నావు. నేను సరే అన్నాను. కానీ ఇక్కడ సరిత నేను వచ్చినప్పటి నుంచి అడుగుతోంది, ఊరి బయట ఉన్న ఆటల పార్కుకు తీసుకుపొమ్మని. ఆకాశంలో తిరిగే ఊయలలు, పైనుంచి జారితే నీళ్లలో పడే గొట్టాలు ఉంటాయట. రమ వచ్చాక ఇద్దరూ కలిసి నా తల తిన్నారు. నా రొట్టెల పైసలు ఉన్నాయి. పన్నెండు నిండని పిల్లలకు అర టికెట్టేనట. వాళ్లకు రెండు అర టికెట్లు, నాకు ఒక పూర్తి టికెట్టు. సరిపోతుందని శంకర్ లెక్క చెప్పాడు. బందు లేని రోజు చూసుకుని, బతుకమ్మ మొదటి రోజు ఎంగిలిపూలు కదా, దాని మరునాడు పోయాం.

శంకర్ మమ్మల్ని గేటు దగ్గర దింపి, "అత్తమ్మా, పదేండ్లని చెప్పు, అటు దిక్కు చూడు" అని ఆటో తిప్పుకుని పోయాడు. నాకు ఆ విద్య కొత్తది కాదు. నువ్వు ఎరుగుదువు కదా, జనగామ బస్సులో కండక్టర్ దగ్గరికి రాగానే సరిత నడుము మీద చెయ్యి వేసి, "జర మోకాళ్లు వంచు బిడ్డా" అనేదాన్ని. పాపం అది ఊరు వచ్చేదాకా వంగే నిలబడేది. ఈసారి మాత్రం అబద్ధం ఆడే అవసరం లేదనుకున్నాను. నిజంగానే వాళ్లకు పన్నెండు నిండలేదు కదా.

నీకు యాదుందా, తొమ్మిదో రోజు సద్దుల బతుకమ్మ నాడు మనం తంగేడు పూలు పేరుస్తుంటే లక్ష్మికి నొప్పులు మొదలయ్యాయి. పూలు తాంబాళంలోనే వదిలి జనగామ దవాఖానకు పరుగెత్తాం. ఆ రాత్రి సరిత పుట్టింది. మూడు రోజులు కాకముందే, దసరా తెల్లారి అదే దవాఖానలో సుజాతకు రమ. అప్పటినుంచి ఏటా సద్దుల నాడు సరితకు, దసరా మరునాడు రమకు ఏడాది నిండినట్టు కొత్త బట్టలు పెడుతున్నాం. మనకు తెలిసిన లెక్క అదే.

టికెట్ల కిటికీలో ఒక పడుచు పిల్లగాడు కూర్చున్నాడు, కోస్తా వైపు మాట. పిల్లలను తల నుంచి కాళ్ల దాకా చూశాడు. ఇద్దరూ పొడుగు కదా, మన ఇంటి ఎముక.

"ఎన్నేళ్లండి మామ్మగారూ వీళ్లకి?"

"పదకొండు బిడ్డా. ఈ పండుగకు పన్నెండు నిండుతయ్."

"కాగితమేదైనా ఉందా?"

నన్ను ఎరుగుదువు కదా. గడప దాటితే రేషన్ కార్డు, దవాఖాన చీటీ, వాము, పసుపు అన్నీ సంచిలో ఉండాల్సిందే. రమ తప్పిపోతే ఎట్లా అని దాని బడి కాగితం కూడా అడిగి నీ చేత పంపించుకున్నాను కదా. రెండు బడి కాగితాలూ ప్లాస్టిక్ కవరు విప్పి గొప్పగా చేతిలో పెట్టాను.

వాడు చూసి వెనక్కి ఇచ్చాడు. "నిండిపోయాయండీ. ఇద్దరికీ పోయిన నెలలోనే. ఫుల్ టికెట్టే."

"సద్దులు రాకముందే పన్నెండెట్ల నిండుతయ్?" అన్నాను. "ఈ యేడు అధికమాసం వచ్చింది బిడ్డా, పండుగలు ఎన్కకు పోయినయ్. సద్దులకింక వారం మీదున్నది."

వాడు పక్క కిటికీలో ఉన్నవాడి వైపు తిరిగి, నా గొంతు పెట్టి, నా మాట సాగదీసి, "సద్దుల్ రాకముందే పన్నెండెట్ల నిండుతయ్" అన్నాడు. ఇద్దరూ నవ్వారు. వెనుక వరుసలో కొందరు కూడా నవ్వారు. సరిత నా కొంగు లాగింది. రమ తల దించుకుంది. అక్కా, నన్ను నవ్వినందుకు కాదు, ఆ పిల్ల తల దించుకున్నందుకు నాకు మండింది.

"నా మాటకు నవ్వితే నవ్వు బిడ్డా, నా లెక్కకెందుకు నవ్వుతున్నవ్? నీ పుట్టినరోజు ఎప్పుడు?"

"ఏప్రిల్లో."

"మీ అమ్మ ఎప్పుడు చేస్తది?"

వాడు చిన్నగా, "శ్రీరామనవమికి" అన్నాడు.

వెనుక నుంచి ఎవరో, "అయితే నీక్కూడ నిండినయో లేదో జర చూస్కో తమ్మీ!" అన్నారు. ఈసారి వరుస అంతా నవ్వింది.

పిల్లగాడు చెడ్డవాడేం కాదు అక్కా. మొహం ఎర్రబడింది కానీ కోపం చేయలేదు. కిటికీకి దగ్గరగా వంగి, "మామ్మా, మీరు చెప్పింది నిజమే అయినా కంప్యూటర్‌కి పండగలు తెలీవు. ఓ పని చేద్దాం. ఆ కాగితాలు లోపల పెట్టేయండి. నేను చూళ్లేదు. పదేళ్లని కొట్టేస్తాను. పాపం, పెద్దవారు" అన్నాడు.

అక్కడే ఒప్పుకుంటే ముగ్గురం లోపల ఉండేవాళ్లం. ఇంకొక రోజైతే వాడికి దండం పెట్టి ఒప్పుకునేదాన్నేమో. కానీ వాడు "పాపం" అనేసరికి టెంటులో విన్న మాట లోపల నుంచి లేచి కూర్చుంది. పిల్లలిద్దరూ నా మొహమే చూస్తున్నారు.

"పాపమని ఇచ్చేదొద్దు బిడ్డా" అన్నాను. "పన్నెండు నిండలేదని ఒప్పుకుని అర టికెట్టియ్యి, తీసుకుంట. లేదు, నిండినయంటవా, పూరా టికెట్టే కొట్టు. గని పదేండ్లని మాత్రం రాయకు. నా పిల్లలకు పదేండ్లు కావు."

"ఈ కాగితం తేదీ కొడితే పన్నెండు నిండలేదని కంప్యూటర్ ఒప్పుకోదు మామ్మా."

"అయితే పూరా కొట్టు."

నా దగ్గర ఉన్న పైసలు రెండు పూర్తి టికెట్లకు సరిపోయాయి. నాకు మిగలలేదు. వాడు టికెట్లు చేతిలో పట్టుకుని, "మరి వీళ్లతో లోపలికి ఎవరెళ్తారు? పిల్లల్ని ఒంటరిగా పంపకూడదండీ" అన్నాడు.

కిటికీ పైన బోర్డు ఉంది. నిలబడి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని, అందరికీ వినపడేటట్టు చదివాను. పన్నెండేళ్ల లోపు పిల్లలు పెద్దలతోనే రావాలి అని ఉంది.

"పన్నెండు లోపల అని రాసిపెట్టిన్రు. పిల్లలేడున్నరు బిడ్డా? ఇప్పుడే గద నువ్వు ఇద్దర్ని పెద్దోళ్లను చేసినవ్! పైసలప్పుడు పెద్దోళ్లు, లోపటికి పోయే తొవ్వకాడ పిల్లలా? పెద్దోళ్లు పెద్దోళ్ల లెక్కనే పోతరు."

పక్క కిటికీవాడు కడుపు పట్టుకుని నవ్వాడు. మా పిల్లగాడు ఒకసారి బోర్డు చూశాడు, ఒకసారి నన్ను చూశాడు, టికెట్లు ఇచ్చేశాడు. ఇద్దరి చేతులకూ కాగితపు పట్టీలు కట్టారు. రమ వెనక్కి తిరిగి చూసింది. పో బిడ్డా అన్నట్టు చెయ్యి ఊపాను. చెయ్యి ఊపాను కానీ అక్కా, వాళ్లు కనబడేదాకా గేటు దగ్గరి నుంచి కదల్లేదు.

ఇప్పుడు తిట్టాలంటే తిట్టు. నువ్వు నమ్మి పంపిన పిల్లను నేను కనబడని చోటికి ఒంటరిగా పంపాను. బస్తీలో రోడ్డు దాటాలన్నా చెయ్యి విడవని దాన్ని, ఆ రోజంతా స్కూటర్ల రేకుల షెడ్డు కింద కూర్చున్నాను. లోపల ఊయల తిరిగినప్పుడల్లా అందరూ కేకలు వేస్తారు. ప్రతి కేకా రమదే అనిపించింది. గొట్టంలో ఇరుక్కుందేమో, నీళ్లలో మునిగిందేమో, ఎవరైనా ఎత్తుకుపోయారేమో అనుకుంటూ మన ఎల్లమ్మతల్లికి మొక్కుకున్నాను. ఎన్ని మొక్కులు మొక్కానో నాకే యాది లేదు, అన్నిటికీ కలిపి ఒక్క కోడిపుంజుతో సర్దమని నువ్వే తల్లికి చెప్పు.

బయటి తిండి లోపలికి రానివ్వరట. పగటీలి అన్నం వేళకు ఇద్దరూ పరుగెత్తుకుంటూ గేటు పక్క ఇనుప జాలీ దగ్గరికి వచ్చారు. రొట్టె తుంచి, కారం పెట్టి, జాలీ సందుల్లోంచి ఒక్కొక్క ముక్క అందించాను. వాచ్‌మన్ ఈల పట్టుకుని వచ్చాడు. "లోపటికి నేను రాలేదు, జాలీకి ఇవుతల్నే ఉన్న" అన్నాను. వాడు, "నేను మంచినీళ్లు తాగొస్తా, అంతల కానియ్యి అవ్వా" అని పోయాడు. మన దిక్కువాడే అయి ఉంటాడు. నిలబడే తిని మళ్లీ పరుగెత్తారు.

పొద్దు వాలుతుంటే తడి తలలతో బయటికి వచ్చారు. రమ మోకాలు చెక్కుకుపోయింది. దాచను. నీళ్ల దగ్గర పరుగెత్తి జారిందట. నా సంచిలో పసుపు ఉంది కదా, అక్కడే పెట్టాను. ఇప్పుడు పక్కు కట్టింది. ఎక్కడైనా తాకిందా, భయమైందా, ఎవరైనా ఏమన్నా అన్నారా అని అడుగుతూనే ఉన్నాను. చివరికి నీ మనుమరాలు ఏమందో తెలుసా?

"చిన్నవ్వా, నువ్వు రాకుంటేనే మంచిగైంది. నువ్వొస్తే ఒక్కటన్న ఎక్కనియ్యకపోతుంటివి."

అది చెప్పింది నిజమే మరి.

సుజాతా, ఒక్క మాట. ఆ బడి కాగితం పట్టుకుపోయి తేదీ మార్చమని సారును అడగొద్దు. కాగితం కాగితంలాగే ఉండనీ. మన లెక్క మన దగ్గర ఉంది. సద్దుల నాడు నేను ఇక్కడ సరితకు కొత్త గౌను వేసి బతుకమ్మ ఆడిస్తాను. ఈసారి టెంటు ముందర రోడ్డు మీదే ఆడతామంటున్నారు. తంగేడు పువ్వు మాత్రం పట్నంలో దొరకదు. సద్దుల ముందునాడు శంకర్ రమతో పాటు జనగామ దాకా వస్తాడు. సోమయ్యను ముందే వచ్చి బస్టాండులో ఉండమను, వచ్చేటప్పుడు ఒక సంచిడు తంగేడు, గునుగు పూలు తెచ్చి శంకర్ చేతికి ఇవ్వమను. నువ్వుల పొడి కూడా చేసి పంపు.

బస్సులో రమకు ఏ టికెట్టు అని నువ్వు అడుగుతావు. అది కూడా అడిగింది. "పార్కుల పూరా అయినంక బస్సుల సగం ఎట్లయిత చిన్నవ్వా?" అని. దానికి చెప్పి పెట్టాను. కండక్టర్ అడిగితే, దసరా తెల్లారితే పన్నెండు నిండుతయని చెప్పు. నవ్వితే నవ్వనీ. కాగితం చూసి పూరా కొడితే పూరా పైసలియ్యి. గని ఊరొచ్చేదాకా మోకాళ్లు మాత్రం వంచకు బిడ్డా, అన్నాను.

బస్సు దిగేటప్పుడు చూడు అక్కా, నీ అంత పొడుగు కనిపిస్తుంది.

పెద్ద బావకు, ఎదురింటి ముసలమ్మకు నా దండాలు చెప్పు. నీ కడుపు చల్లగా నా మీద ఒక దీవెన పెట్టు. తిట్లు కూడా పెట్టు, రెండూ తీసుకుంటాను.

నీ చెల్లె,
నర్సవ్వ