ఒంటికి పడని హారం

రాజమండ్రి

చిరంజీవి సౌభాగ్యవతి అశ్వినికి నాన్న దీవించి రాయునది. ఇక్కడ నేనూ, మీ అమ్మా కులాసా. కులాసా లేనిది నా బుర్ర ఒక్కటే.

హారం పొట్లంలో నువ్వు పెట్టిన ఉత్తరం చదివాను. ఫోన్లో చెప్పలేదంటే పక్కన మీ అత్తగారు ఉండి ఉంటారు. అందుకే నేనూ రాస్తున్నాను. "నా ఒంటికే బంగారం పడదా నాన్నా?" అని అడిగావు. నీ చెయ్యి తగిలితే నల్లబడతాయని, ఆడపడుచు పెళ్ళినగలు ముట్టుకోవద్దన్నారట మీ అత్తగారు! చదివాక నాకు అన్నం సహించలేదు.

వెండి మీద బంగారు పూత వెయ్యడం బుద్ధెరిగినప్పటి నుంచీ నా పని. నీ హారం రెండుసార్లు పూసి పంపితే రెండుసార్లూ నల్లబడి వచ్చిందేంటి? తొట్టిలో ద్రావకం మార్చాను. కరెంటు తగ్గించి చూశాను. కుళాయి నీళ్ళు మాని బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ నీళ్ళతో కడిగాను. అదే తొట్టిలో మునిగిన పక్కింటి దుర్గాశ్రీ గాజులు ఇప్పటికీ తళతళలాడుతున్నాయి. మీ అమ్మ దిష్టి అంటుంది. దిష్టికి తొట్టిలో ఏం కలపాలో నాకు తెలీదు.

రాగిచెంబు కూడా నల్లబడుతోంది, దేంతో తోమాలని అడిగావు. చింతపండుతో తోము. ఆ మాట రాస్తుంటేనే కలం ఆగింది. చెంబుకి కూడా నీ ఒళ్ళు పడదా? మీ ఇంటి వెనకాల రొయ్యల చెరువు బురద కుళ్ళిన గుడ్డు కంపు కొడుతోందని మొన్న అల్లుడుగారు అన్నారు. ఆ కంపే పూత సందుల్లోంచి దూరి వెండినీ, అటు రాగినీ తినేస్తోందేమో! వెంటనే ఉడికిన గుడ్డు తెచ్చి, పూత వేసిన వెండి ముక్కతో కలిపి సీసాలో మూతపెట్టాను. నల్లబడింది! మీ అమ్మ, "మనింట్లో గుడ్డేంటండీ, మతి పోయిందా?" అని నా మీద పడింది.

గుడ్డు సంగతి సరే, చెరువుదీ అంతేనా? నాకింకా తికమకగానే ఉంది. అందుకే హారంతోపాటు అలాంటి పూతదే ఒక గొలుసు పంపుతున్నాను. మీ అత్తగారి చేత్తోనే వసారాలో మేకుకి తగిలించమను. నువ్వు ముట్టుకోకు. అది నల్లబడితే ఎవరి ఒంటికి పడలేదో ఆవిణ్ణే చెప్పమను. వద్దులే, ఏమీ అనకు. చూపించు, చాలు.

ఇంకోటి చెప్పాలి, నవ్వకు. ఈ మూడోసారి పూత వేసినప్పటి నుంచీ నీ హారం చొక్కా కింద నేనే వేసుకు తిరిగాను. నీ ఒంట్లో ఉన్నది నా రక్తమేగా, ఆ తత్వమేదో ఉంటే నాకూ ఉండాలిగా! పక్క కొట్టు సురేష్‌బాబు చూసి పడీపడీ నవ్వాడు. ఎంత చెమట పట్టినా మచ్చయినా పడలేదు.

ఒకవేళ గొలుసు నల్లబడకపోతే ఏంటో నాకూ తెలీదు తల్లీ. అప్పుడూ తప్పు నా తొట్టిదే, నీ ఒంటిది కాదు. పెళ్ళికి ఈ హారం వేసుకునే వెళ్ళు. నల్లబడితే నల్లగానే వేసుకో.

ఇట్లు,
నీ హారం ఇప్పుడే మెడలోంచి తీసిన మీ నాన్న,
వీరబ్రహ్మం