వెనక గదిలోని ఫ్రీజరు

ఫిల్మ్‌నగర్‌లో నివసిస్తున్న పిల్లల డాక్టరును, కీర్తిశేషులు చలపతిరావుగారి భార్యను, శ్యామలాదేవిని నేను. వయసు డెబ్బై మూడు. నా బుద్ధి నిలకడగా ఉంది. మోకాళ్లే నిలకడగా లేవు, వీలునామాకు వాటితో పని లేదని లాయరుగారు చెప్పారు. ఎవరి బలవంతమూ ప్రలోభమూ లేకుండా, కడుపునిండా పెసరట్టు తిన్నాక, ఇష్టపూర్వకంగా ఇది రాయిస్తున్నాను. ఇంతకుముందు రాసినవి ఏవైనా ఉంటే చెల్లవు.

1. నా స్వార్జితమైన రెండంతస్తుల ఇల్లు, వెనక గది మినహా, నా తదనంతరం నా కొడుకు సుహాస్‌కు సర్వహక్కులతో చెందుతుంది. షూటింగులకు అద్దెకిస్తాడని తెలుసు. ఇప్పుడూ ఇస్తూనే ఉన్నాం. మా హాల్లో ఎంతమంది తండ్రులు గుండె పట్టుకుని సోఫాలో కూలబడ్డారో లెక్కలేదు. ఒక్కరికీ గుండెపోటు సరిగ్గా రాలేదు. నేను చూపించబోతే దర్శకులు వినలేదు.

2. వెనక గదిలోని పెద్ద ఫ్రీజరులో యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ పసిపిల్లల ముక్కుల నుంచి తీసిన నమూనాలున్నాయి. వానాకాలం వస్తే నెలల పిల్లలకు జలుబుగా మొదలై, డొక్కలెగరేసే ఆయాసంగా మారే ఆర్‌ఎస్‌వి అనే వైరస్ మీద నేనూ, నా శిష్యుడు డాక్టర్ తిరుమలేశూ చేస్తున్న పరిశోధన అది. డబ్బున్న దేశాల్లో పసికందులకు ముందే రక్షణనిచ్చే సూది వచ్చింది. మన బస్తీ పిల్లలకూ కావాలని అడగాలంటే, ఇక్కడ ఏ రకం తిరుగుతోందో, ఏ నెలల్లో, ఏ వయసువాళ్లను కొడుతోందో చూపించాలి. ఆ సాక్ష్యం ఈ ఫ్రీజరులో ఉంది. కాబట్టి గది, ఫ్రీజరు, జనరేటరు తిరుమలేశ్ అధీనంలో ఉండవలెను. పరిశోధన ముగిసేదాకా సుహాస్ ఆ గదిని అడగరాదు, అమ్మరాదు, అందులో దెయ్యం సినిమా తీయరాదు.

3. ఇంత గట్టిగా రాయడానికి కారణం నా మరిది వరప్రసాద్, ప్రొడక్షన్ మేనేజరు. నాలుగేళ్ల కిందట మా హాల్లో డబ్బింగు లేకుండా లైవ్ సౌండుతో తల్లీకూతుళ్ల సీను తీశారు. ఎక్కడో గుయ్‌మంటోందని సౌండ్ ఇంజనీరు అన్నాడట. అలాంటప్పుడు ఇంట్లోని ఫ్యాన్లూ, ఏసీలూ, ఫ్రిజ్జులూ ఆపించడం మేనేజరు డ్యూటీ. మరిదిగారు డ్యూటీ చేశారు. ఫ్రీజరు ప్లగ్గు పీకారు. దాని అలారం మోగితే అదీ ఆపించారు. ప్యాకప్ అయ్యాక ఫ్యాన్లన్నీ వేయించి, ఆ ప్లగ్గు మరిచి వెళ్లిపోయారు. నేను భీమవరంలో పెళ్లి చూసుకుని వచ్చేసరికి గదంతా నీళ్లు. మూడు వానాకాలాల పని కరిగిపోయింది. చివరికి ఆ సీను ఎడిటింగులో తీసేశారట. అది విన్నాక నాకు ఇంకా మండింది.

4. నా పట్టుచీరలన్నీ యూసుఫ్‌గూడ అనసూయమ్మకు. సినిమాల్లో శవం చుట్టూ ఏడ్చేవాళ్లలో ముందు వరసలో కనిపించే జూనియర్ ఆర్టిస్టు ఆమె. మనవరాలు చిన్ని మా పరిశోధనలో ఉన్న పిల్ల. నమూనాలు పాడైపోయాయని ఆమె ఇంటికి వెళ్లి చెప్పాను. ఆమె చిన్నిని ఒళ్లో సర్దుకుని, "పోతే పాయె డాక్టరమ్మా, మళ్ల తీస్కో. మా గల్లీల సర్దికి కరువున్నదా?" అంది. మరుసటి వారం వానలో చంటిపిల్లలను కొంగుల కింద దాచుకుని తల్లులు మా గేటు ముందు వరస కట్టారు. షూటింగుకు వచ్చారనుకుని వాచ్‌మన్ వాళ్లను టిఫిన్ల దగ్గరికి పంపించాడు. తినేసి తిరిగొచ్చారు. నాకు జరిగిన సన్మానాల్లో నేను ఏడ్చింది దానికొక్కదానికే. అనసూయమ్మకు ఒక షరతు: నా శవం దగ్గర వృత్తిరీత్యా ఏడవరాదు. నిజంగా వస్తే అది వేరు.

5. కోడలు గీతికకు నా కెంపుల దుద్దులు, స్టెతస్కోపు. ఆమె ఆర్ట్ డైరెక్టరు కాబట్టి, సినిమా డాక్టర్లు దాన్ని చెవుల్లో తిరగేసి పెట్టుకోకుండా చూసుకోవలెను.

6. వెనక గది రెండో తాళంచెవి వరప్రసాద్‌కు. అవును, అతనికే. ఆనాటి నుంచి ఈ ఇంటికొస్తే ఆ తలుపుకు చెవి ఆనించి, చప్పుడు వింటేగానీ కాఫీ ముట్టడు. ఇంత భయం ఉన్న కాపలా నాకు ఇంకెక్కడ దొరుకుతుంది? నేనే మొండికేసి ఇన్నాళ్లూ అతనితో ముక్తసరిగా మాట్లాడాను. ఇది చదివేటప్పుడు అతనికి కాఫీ ఇవ్వండి. షుగరుంది, పంచదార వద్దు.

7. లాయరుగారు నమూనాలను కూడా ఆస్తిలో చేర్చబోయారు. అవి నావి కావు, ఎవరికీ రాసే హక్కు నాకు లేదు. తల్లులు నమ్మి ఇచ్చినవి. తిరుమలేశ్, ఏం తేలినా ముందు వాళ్లకు అర్థమయ్యేలా చెప్పు, ఆ తర్వాతే పత్రికలకు పంపు.

8. పరిశోధన ఎప్పుడు ముగిసినట్టని సుహాస్ అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. పేపరు అచ్చయిన రోజు కాదు. యూసుఫ్‌గూడ తల్లి బిడ్డను చంకనేసుకుని సర్కారు దవాఖానాకు వెళితే, ఎవరి సిఫారసూ లేకుండా ఆ సూది వేసి పంపిన రోజు. సినిమావాళ్లకు డబ్బింగు ఉంది, మాట పోతే మళ్లీ చెప్పించుకోవచ్చు. పసివాళ్ల ఊపిరికి ఆ వీలు లేదు. అందాకా చప్పుడు భరించండి. ఆ రోజు వచ్చాక ఫ్రీజరు ఆపేసి గది సుహాస్ తీసుకోవచ్చు. ఆ రోజు చూడాలని నాకు చాలా ఆశగా ఉంది. చూడనని డాక్టరుగా తెలుసు, అందుకే రాయిస్తున్నాను.

చదివించుకుని, విని, సరేననుకుని చేసిన సంతకం:
(శ్యామలాదేవి)
ఫిల్మ్‌నగర్, 19 ఆగస్టు 2025

సాక్షులు:
వెంకటరామయ్య, మధురానగర్
శకుంతలమ్మ, వెంగళరావు నగర్