కూర్చున్నవారి సంతకం

మార్చి 4, బుధవారం

ఈ రోజు పనులు: బట్టలు రెండు బకెట్లు. వంట రెండు పూటలకీ ఒకేసారి. నీ గది కిటికీ అద్దాలు తుడిచాను. మీ నాన్న చొక్కాకి రెండు గుండీలు కుట్టాను. పది నుంచి ఒంటిగంట దాకా మీ కాలేజీ. మిగిలిపోయినది: మేడ మీద నీళ్ల తొట్టి కడగడం.

చిరంజీవి చిన్నారికి అమ్మ దీవెనలు. నేనూ మీ నాన్నా ఒంట్లో బాగానే ఉన్నాం. నువ్వెలా ఉన్నావని అడగను. రెండు రోజులకోసారి పెద్దమ్మ ఫోన్‌లో చెబుతూనే ఉంది. నువ్వు ఫోన్ ఎత్తవు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. ఉత్తరానికైతే వెంటనే బదులు చెప్పక్కర్లేదు.

పైన కాలేజీ అని చూసి ఆశ్చర్యపోయి ఉంటావు. కిందటి వారం మీ మాస్టారిని కలిశాను. సోమ, బుధ, శుక్రవారాలు నీ తరగతికి వెళ్లి కూర్చోవడానికి ఒప్పుకున్నారు. విన్నదంతా ఇంటికొచ్చి రాసి నీకు పంపుతాను. పాఠాలు తప్పిపోయాయన్న బెంగ నీకు ఉండకూడదు.

జనవరిలో తల్లిదండ్రుల రోజున జరిగింది ఉన్నదున్నట్టు ఒకసారి రాసుకుంటే గానీ నాకు ముందుకు సాగేలా లేదు. మీకిచ్చిన పని ఇంట్లో మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని మూడు గంటలు చూసి గీయడం. కింద చీటీ అంటించాలి. కూర్చున్నవారు ఎవరు, ఎంతసేపు, వారి సంతకం. నీ బొమ్మని హాల్లో గుమ్మానికి ఎదురుగా పెట్టారు. అది నా బొమ్మ. చీటీ మీద అమ్మ అని, మూడు గంటలని, నాది లాంటి సంతకం. మాస్టారు నలుగురిని వెంటబెట్టుకొచ్చి, ఇంటి పనులన్నీ మానుకుని అంతసేపు ఎలా కూర్చున్నారమ్మా అని నవ్వుతూ అడిగారు.

“నేను కూర్చోలేదండీ. మూడు గంటలు కాదు, మూడు నిమిషాలు కూడా కూర్చోలేదు” అన్నాను.

లాండ్రీ చీటీలో ఒక తువ్వాలు ఎక్కువ పడినా సరిచేసే మనిషిని. అలాగే సరిచేశాను. వెనక ఎవరో నవ్వారు. మాస్టారు బొమ్మని తీసి గోడవైపు తిప్పి పెట్టారు. నువ్వు ఇంటికొచ్చి చేతులు కడుక్కుని పడుకున్నావు. ఆ రోజు నుంచి పెన్సిల్ ముట్టలేదు. నాతో మాట్లాడలేదు. వారానికి పెద్దమ్మ వచ్చి తన ఊరు తీసుకెళ్లింది.

మాస్టారు చెప్పింది ఇది. ఏప్రిల్ పదిహేను లోపల ఆ బొమ్మ మళ్లీ గీసి, నిజమైన చీటీతో ఇవ్వాలి. ఇస్తే ఏడాది పోదు. ఇవ్వకపోతే నీ సీటు వేరేవాళ్లకి వెళ్తుంది. నీకు తెలియాలని రాశాను, తొందరపెట్టడానికి కాదు.

సోమవారం నా మొదటి రోజు. పదకొండో నిమిషానికి లేచి నిలబడ్డాను, పొయ్యి ఆపానో లేదో గుర్తుకు రాక. నీ పక్క బల్ల అమ్మాయి, మీరంతా బొగ్గు అని పిలిచే పిల్ల, ఆంటీ, ఇల్లు అంటుకుంటే పొగ ఇక్కడికే కనిపిస్తుంది, కూర్చోండి అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వానట. ఆ పిల్లే చెప్పింది.

పాఠం: కుర్చీని గీయకూడదు. కుర్చీ కాళ్ల మధ్య ఉన్న ఖాళీలని గీయాలి. ఖాళీలు సరిగ్గా వస్తే కుర్చీ దానంతటదే వస్తుందట.

అమ్మ

మార్చి 20, శుక్రవారం

ఈ రోజు పనులు: దుప్పట్లు నాలుగు. వంట. పప్పుల డబ్బాలన్నీ ఎండకి పెట్టి తీశాను. తొట్టి కడిగాను, చివరికి. కాలేజీ.

చిన్నారికి దీవెనలు. మొదటిదీ, మధ్యలో రాసినదీ, నా రెండు ఉత్తరాలూ విప్పావనీ, చదివి దిండు కింద పెట్టావనీ పెద్దమ్మ చెప్పింది. జవాబు కోసం చూడటం లేదు. నువ్వు అన్నం పెట్టినప్పుడు తింటావట, పెట్టకపోతే అడగవట. పొద్దుటి నుంచీ గోడవైపే కూర్చుంటావట. ఇది వింటే నాకు ఏడుపు రావాలి. రాలేదు. ఫోన్ పెట్టేసి డబ్బాలకి మూతలు లెక్కపెట్టాను. పదహారు డబ్బాలు, పదిహేను మూతలు. ఆ ఒక్క మూత కోసం గంట వెతికాను.

మీ నాన్న డిపో నుంచి వస్తూనే ఈ రోజు ఏం చెప్పారు అంటున్నారు. కాగితం చూడకుండా గీయడం నేర్పారని చెప్పాను. కళ్లు మనిషి మీదే ఉండాలి, చెయ్యి దాని పాటికి అది నడవాలి. ఆయన వెంటనే కళ్లు నా మీద పెట్టి కరెంటు బిల్లు వెనక నన్ను గీశారు. మా ఇద్దరిలో ఎవరికీ అది మనిషని తోచలేదు. ఇంజన్ అయితే ఇంకా బాగా వచ్చేదన్నారు. తన క్యారియర్ తనే కట్టుకుంటున్నారు ఈ మధ్య. మంగళవారం ఖాళీ గిన్నె పెట్టుకెళ్లి పక్కవాళ్లది తిన్నారు.

పోయిన శనివారం మీ కాలేజీలో ప్రహరీ గోడకి రంగులు వేసే రోజు. మనిషికి నాలుగడుగులు. నీ నాలుగడుగులకీ సుద్దతో గీత కొట్టి వదిలేశారు. బొగ్గు తన వాటాలో పెద్ద చేప వేసింది. దాని తోక నీ వాటాలోకి రెండంగుళాలు వచ్చింది. వస్తే పోట్లాడుకుంటాం లెండి అంది. మధ్యాహ్నానికి వాచ్‌మన్ నీ ఖాళీ దగ్గర తన చొక్కా ఆరేసుకున్నాడు. నేను తీయించలేదు. ఎండ అక్కడే బాగా పడుతోంది.

నేను కూర్చునే చోటి నుంచి అందరి ముఖాలూ కనిపిస్తాయి. గీసేటప్పుడు పిల్లలు నోరు తెరుస్తారు, కనుబొమలు ముడేస్తారు, ఒకడు నాలుక బయటపెడతాడు. నువ్వు ముఖం ఎలా పెడతావో నాకు తెలియదు. పద్దెనిమిదేళ్లుగా గీస్తున్నావు. నువ్వు గీస్తుండగా నీ ముఖం నేను చూడలేదు.

ఈ రోజు తరగతి అయ్యాక మాస్టారితో ఒక మాట చెప్పాను. పిల్లలింకా సంచులు సర్దుకుంటున్నారు. వాళ్లూ వినాలనే ఆగలేదు. ఆ రోజు నేను చెప్పింది లెక్కకి సరే గానీ సగమే అన్నాను. నువ్వు నన్ను నాలుగుసార్లు అడిగావు. మొదటిసారి బట్టలు నానబెట్టాను. రెండోసారి మీ మేనత్త వస్తోంది. మూడోసారి స్టవ్ విప్పి పెట్టుకున్నాను. నాలుగోసారి కారణం కూడా చెప్పలేదు, రేపు చూద్దాం అన్నాను. నా పనుల పుస్తకం తీసి చూపించాను. అమ్మాయికి మూడు గంటలు అని మిగిలిపోయినవాటిలో నాలుగు వారాలు వరసగా ఉంది. ఐదో వారం కొట్టేశాను, ప్రదర్శన దగ్గరపడింది, ఇక అక్కర్లేదు కదా అని.

మాస్టారు పుస్తకం చాలాసేపు చూశారు. చీటీ మీద అబద్ధం అబద్ధమేనమ్మా, ఆ బొమ్మకి వేసిన మార్కు మార్చలేను అన్నారు. తర్వాత లోపలికెళ్లి నీ బొమ్మ తెచ్చారు. ఇది చూడకుండా గీసింది మాత్రం కాదు, వంటింటి గుమ్మం దగ్గర నిలబడి దొంగచాటుగా, ఇప్పుడు కొన్ని నిమిషాలూ అప్పుడు కొన్ని నిమిషాలూ చూసి గీసింది అన్నారు. ముఖం ఎక్కడా నేరుగా లేదట, అన్నీ పక్క నుంచే చూసినవట. నేను అప్పుడు చూశాను దాన్ని సరిగ్గా. నేను వెనక్కి తిరగబోయే ముందు ఎలా ఉంటానో అలా ఉంది.

నాకు అప్పుడు కూడా ఏమీ అనిపించలేదు. మెట్లు దిగుతూ లెక్కపెట్టాను. ఇరవై రెండు.

అమ్మ

ఏప్రిల్ 6, సోమవారం

ఈ రోజు పనులు: ప్రయాణం బట్టలు ఉతికాను. వంట ఒక్క పూటే. కాలేజీకి వెళ్లలేదు. కాళ్లు చాచుకుని అరగంట కూర్చున్నాను, పని లేకుండా. ఇది కూడా రాసుకుంటున్నాను.

చిన్నారికి దీవెనలు. రాత్రి తొమ్మిదికి క్షేమంగా ఇల్లు చేరాను. నిన్న నోటితో చెప్పాల్సినవి అక్కడ చెప్పలేకపోయాను. అందుకే మళ్లీ కాగితం.

చెప్పకుండా వచ్చినందుకు ఏమీ అనుకోకు. చెబితే వద్దంటావని తెలుసు. పెద్దమ్మ ఇంట్లో నువ్వుండే గదిలో కిటికీ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. గోడ గడియారంలో పది. నువ్వు గోడవైపు తిరిగే ఉన్నావు. పెద్దమ్మ రెండుసార్లు వచ్చి టీ తాగవే అంది. మూడోసారి, ఇది మా చెల్లెలేనా, అరక్షణం కుదురుగా ఉండేది కాదే అని తనలో తను గొణుక్కుంటూ వెళ్లింది. పదకొండున్నరకి నువ్వు ఇటు తిరిగావు. నేను నిన్ను చూడలేదు. ఎదురుగా అల్మారా తాళంచెవి ఉంది, దాన్నే చూశాను. పన్నెండు దాటాక సొరుగు లాగిన చప్పుడు. కాగితం చప్పుడు. అప్పటికి నా ఎడమ కాలు నాది కాదు. ఒక ఈగ మెడ మీద వాలింది. దాన్ని తోలబోయి చెయ్యి కొంచెం ఎత్తాను.

“అమ్మా, కదలకు” అన్నావు.

డెబ్బై రోజుల తర్వాత నీ నోటి నుంచి నాకు వచ్చిన మొదటి మాట అది. చెయ్యి దించాను. ఈగ ఎంతసేపు ఉందో తెలియదు. కళ్లలో నీళ్లు వచ్చాయి, తుడుచుకోలేదు, కదలొద్దన్నావు కదా. నువ్వు చూసే ఉంటావు. గీశావో వదిలేశావో నాకు తెలియదు.

ఒంటిగంట కొట్టాక కూడా నువ్వు కాగితం చూపించలేదు. నేను అడగలేదు. నీ పుస్తకంలో ఒక చీటీ పెట్టి వచ్చాను. కూర్చున్నవారు: అమ్మ. పది నుంచి ఒంటిగంట వరకు. కింద నా సంతకం, నా చేత్తోనే. దాన్ని బొమ్మకి అంటిస్తావో, మాస్టారికి ఇస్తావో, చింపేస్తావో నీ ఇష్టం. పదిహేనో తారీఖుకి ఇంకా తొమ్మిది రోజులున్నాయి. వస్తే నీ గది సిద్ధంగా ఉంది. రాకపోయినా సిద్ధంగానే ఉంటుంది.

అమ్మ

తా.క. అంతసేపు కదలకుండా ఎలా కూర్చోగలిగావని గుమ్మం దగ్గర పెద్దమ్మ అడిగింది. నవ్వేసి వచ్చాను. నీకు నిజం చెప్పాలి. నీ తరగతిలో వెనక బల్ల మీద కూర్చుని పాఠాలు రాసుకుంటున్నానని నువ్వు అనుకున్నావు. నేను అనుకోనిచ్చాను. నేను కూర్చున్నది మధ్యలో, ఎత్తు పీట మీద. మీరు గీయడానికి రోజూ వచ్చి కూర్చునే పెద్దాయన మోకాళ్లు పట్టేసి మానేశారట. నన్ను కూర్చోబెట్టండి, నాకు కూర్చోవడం రాదు, నేర్చుకోవాలి అని మాస్టారిని నేనే అడిగాను. ఇరవై నిమిషాలు కూర్చోవడం, ఐదు నిమిషాలు లేవడం. మీ తరగతిలో పంతొమ్మిది మంది దగ్గరా ఇప్పుడు నా బొమ్మ ఉంది. బొగ్గు నా ముక్కు పెద్దది చేసింది. ఇన్నాళ్లూ నీకు చెప్పకపోవడానికి కారణం ఒక్కటే. వాళ్లందరికీ కూర్చున్నావు, నాకు కూర్చోలేదు అంటావని భయం. అంటే సరైన మాటే.

తరగతిలో పదిహేను రోజులు, విరామాలు తీసేస్తే ముప్పై ఆరు గంటలు. అవి వాళ్లవి, నీ ఖాతాలో వేయలేదు. నీకు బాకీ మూడు గంటలు. నిన్న ఇచ్చాను. చెల్లు.