అంటని జబ్బు

వన్ టౌన్, విశాఖపట్నం,
17-11-1985, ఆదివారం.

బావకి భవాని నమస్కరించి రాస్తున్న సంగతులు.

నీ ఉత్తరం బుధవారం అందింది. భిలాయిలో అప్పుడే చలి ముదిరిందనీ, పొద్దున్నే ట్రైనింగుకి వెళ్ళాలంటే నీళ్ళు ముట్టుకోలేకపోతున్నాననీ రాశావు. పెట్టె అడుగున ఉన్ని స్వెట్టరు పెట్టాను, తీసి వేసుకో. నీ సంగతి నాకు తెలుసు, అది ఇంకా మడత విప్పకుండానే ఉండి ఉంటుంది. ఇక్కడ అత్త, నేను, పాప బాగున్నాం. పాప గోడ పట్టుకుని నడుస్తోంది. దీపావళి నాడు వీధిలో టపాకాయలు పేలుతుంటే అత్త కొంగులో దూరి రెండు చెవులూ మూసుకుంది. "అందరం క్షేమం" అని ఒక్క ముక్కలో రాసేయడానికి మాత్రం ఈసారి చెయ్యి రాలేదు. మావ సంగతి విడిగా రాయాలి.

ముందు నువ్వు అడిగిన వాటికి జవాబులు చెబుతాను. మావ ఛాతీకి కరెంటు పెట్టడం, అదే ఆ రేడియేషను, దీపావళికి ముందే పూర్తయింది. మావ అన్నం తింటున్నాడా అన్నావు. గట్టి అన్నం ఇంకా దిగడం లేదు. ఆ కరెంటు వేడికి గొంతు లోపల పుండైనట్టు మండుతుందట. కొన్ని వారాల్లో అదే తగ్గుతుందని డాక్టరమ్మ చెప్పింది. గంజి, మెత్తగా పిసికిన పెరుగన్నం, కారం వెయ్యని చేపల చారు ఇస్తున్నాం. జుట్టు ఊడిందా అన్నావు. ఊడలేదు. కరెంటు ఎక్కడ పెడితే అక్కడే దాని ప్రభావమట. ఛాతీ మీద వెంట్రుకలు రాలి, చర్మం కమిలి నల్లబడింది. దగ్గులో నెత్తురు మాత్రం ఆగిపోయింది. గోడకి చేరబడి కూర్చునే కునుకు తీసిన మనిషి ఇప్పుడు వెల్లకిలా పడుకుంటున్నాడు. మంచి మాట ఇది ఒక్కటే, అందుకే ముందు రాశాను.

కరెంటుకి మూడు రోజులు వెళ్ళి ఇంక రానని మొండికేసిన మనిషి మళ్ళీ ఎలా ఒప్పుకున్నాడని రెండు ఉత్తరాల్లో అడిగావు. డాక్టరమ్మ నచ్చజెప్పిందని రాశాను. అది సగం నిజం. మిగతా సగం ఇప్పుడు రాస్తున్నాను. చివరిదాకా చదివాక ఏమన్నా పడతాను.

వినాయక చవితి వెళ్ళాక నువ్వు సెలవు మీద వచ్చినప్పుడు పెద్దాసుపత్రి వరండాలో డాక్టరమ్మ మనిద్దర్నీ పక్కకి పిలిచింది. మావ కుడి ఊపిరితిత్తిలో గడ్డ ఉంది, గొట్టం వేసి తీసిన ముక్కలో కేన్సరని తేలింది, ఛాతీ మధ్య గ్రంథులకి పాకింది గనక కోసి తీసేసే దశ దాటిపోయింది అని చెప్పింది. కరెంటు పెడితే గడ్డ చిక్కి ఊపిరి ఆడుతుంది, నెత్తురు ఆగుతుంది, నయమైపోతుందని మాత్రం మాటివ్వలేనంది. నువ్వు వరండా స్తంభానికి నుదురు ఆనించావు. అంతకు ముందు నెలల తరబడి టీబీ అనుకునే మందులు వాడాం కదా, ఎక్స్‌రేలో రెండూ ఒకలాగే కనబడవచ్చునట. నువ్వు ఆ మాటే పట్టుకున్నావు. "నాన్నకి టీబీ అనే ఉండనీ. కేన్సరని తెలిస్తే ఆ దిగులుకే పోతాడు" అన్నావు. అత్త చేత సరే అనిపించావు. నా చెయ్యి పాప నెత్తి మీద పెట్టించి ఒట్టు వేయించుకుని రైలెక్కావు.

బావా, ఆ ఒట్టు నేను నిలుపుకోలేదు. మావకి చెప్పేశాను.

నువ్వు వెళ్ళిన తరువాత ఈ ఇల్లు ఎలా ఉందో నువ్వు చూడలేదు. టీబీ అంటే ఏమిటో మావకి ఎవరూ చెప్పక్కర్లేదు. పోర్టులో తనతో ఖనిజం దగ్గర పనిచేసిన గంగరాజు ఇంట్లో ఒకరి తరవాత ఒకరు దానికే పోవడం ఆయన కళ్ళారా చూశాడు. అందుకని తన కంచం, గ్లాసు వేరు పెట్టించుకున్నాడు. చాప వీధి అరుగు మీదికి మార్చాడు. పాప తాత దగ్గరికి దోగాడితే లేచి దూరంగా పోయేవాడు. అది ఆట అనుకుని పాప వెంటబడేది, ఆయన గుమ్మం దాటి సందు చివరిదాకా వెళ్ళి నిలబడేవాడు. పొద్దల్లా ఎత్తుకుని తిప్పిన మనిషి బావా, దాన్ని తాకడం మానేశాడు.

కరెంటు గది దగ్గర మూడో రోజున అందరి జబ్బులూ వాకబు చేసినట్టున్నాడు. "అక్కడ కూకున్నోల్లంతా కేన్సరోల్లే. టీబీకి మాత్రలు సాలు, నాకా కరెంటెందుకు? నాను మనూరు పద్మనాభం ఎల్లిపోతాను. పొలంలో పాకుంది, ఒక్కణ్ణీ ఉంటాను. ఇక్కడుంటే ఈ గుంటకి అంటిత్తాను" అని పాపని చూపించి సంచి సర్దుకున్నాడు. అత్త బతిమాలింది, నేను బతిమాలాను. ఎందుకు వెళ్ళాలో చెప్పకుండా వెళ్ళమని ఎలా బతిమాలతాం?

మర్నాడు మధ్యాహ్నం సంచి భుజాన వేసుకుని అరుగు దిగబోతున్నాడు. పాప వెనక నుంచి వచ్చి పంచె పట్టుకుంది. మావ ఉలిక్కిపడి కాలు విదిలించాడు. పాప గుమ్మం మీద పడింది, పెదవి చిట్లింది.  మావ వంగి తియ్యబోయి, తియ్యలేక, చేతులు వెనక్కి లాక్కున్నాడు.

"ఓలె భవానీ, గుంటని తియ్యే! ఎన్నిసార్లు సెప్పాలి నీకు! నా ఊపిరి తగిల్తే ఇదీ పోతాది!"

నేను పాపని ఎత్తుకోలేదు. అక్కడే నిలబడి అన్నాను. "పోదు మావా. నీది అంటుకునే జబ్బు కాదు."

"టీబీ అంటదని ఎవులు సెప్నారే నీకు?"

"నీకు టీబీ కాదు. ఊపిరితిత్తిలో కేన్సరు."

వంటింట్లోంచి అత్త "భవానీ!" అని అరిచింది. మావ ఆ అరుపు వినలేదు. సంచి భుజం మీది నుంచి జారిపోయింది. "కేన్సరు" అని తనలో తను అనుకున్నాడు. నేను ఏడవడానికి సిద్ధంగా ఉన్నాను బావా, ఆయన పడిపోతే పట్టుకోవడానికి కూడా సిద్ధంగా ఉన్నాను. ఆయన అడిగిన మొదటి మాట ఇది.

"అది అంటదా?"

"అంటదు మావా."

"ఒకే కంచంలో తిన్నా?"

"తిన్నా అంటదు."

"గుంటని ఎత్తుకున్నా? ముద్దెట్టుకున్నా?"

"ఏటి సేసినా అంటదు మావా. డాక్టరమ్మని నేనే అడిగాను."

తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు, శుభ్రంగా ఉన్న చేతుల్నే మళ్ళీ తుడుచుకున్నాడు. అరుగు మీద చతికిలబడి పాపని ఒళ్ళోకి తీసుకున్నాడు. దాని పెదవి మీది నెత్తురు తువ్వాలు కొసతో అద్ది, దాని పొట్టలో మొహం పెట్టుకుని ఏడ్చాడు. నా చిన్నప్పుడు మా అమ్మ పోయిన రోజున తప్ప మా మేనమావ ఏడవగా నేను చూడలేదు. పాపకి చక్కిలిగింతలు పుట్టి ఏడుపు మాని నవ్వడం మొదలెట్టింది. ఆ రెండు చప్పుళ్ళూ కలిసి వినబడుతుంటే నేను లోపలికి వెళ్ళిపోయాను.

అక్కడితో అంతా చక్కబడిందని రాస్తే అబద్ధమవుతుంది. అత్త నన్ను చంపినంత పని చేసింది. "నా మొగుణ్ణి నోటితో సంపేసినావు గదే! ఆడు ఒట్టేయించుకుని ఎల్లినాడు, గుంట నెత్తి మీద ఒట్టు, దానికేటన్నా అయితే?" అంది. నేను వండింది ముట్టలేదు. ఆ వారంలోనే పాపకి జ్వరం తగిలితే నేను దేవుడి మూల కూర్చుని దండం పెడుతూనే ఉన్నాను, అది పళ్ళు వచ్చే జ్వరమని తెలిసేదాకా. మావ కూడా రెండు రోజులు గోడకేసి తిరిగి కూర్చున్నాడు. ఎన్నాళ్ళని ఒకసారి అడిగాడు, తెలీదన్నాను. బీడీ కట్ట వీధిలోకి విసిరేసి, కాసేపటికి తనే వెళ్ళి ఏరుకొచ్చుకున్నాడు. మూడో రోజు పొద్దున్న చొక్కా తొడుక్కుని, "పదే, ఆస్పత్రికి ఎల్దాం. ఆ డాట్రమ్మని నానే అడగాల" అన్నాడు. అత్త గుమ్మంలో అడ్డం నిలబడి మళ్ళీ నన్ను తిట్టబోతే, "దాన్నేటనకు. సావు నాదైనప్పుడు ఆ కబురు నాకు కాక ఎవులికి సెప్తారు?" అన్నాడు. అత్త గుమ్మం వదిలి పక్కకి తప్పుకుంది. ఆ మధ్యాహ్నం అత్తే మావ వేరు కంచం తీసుకెళ్ళి బూడిదతో తోమి మన కంచాల్లో కలిపేసింది. నాతో మాటలు మాత్రం ఇంకా కొన్నాళ్ళకి గాని కలవలేదు.

"గురువులు" అని మావ పేరు పిలిచాక, డాక్టరమ్మ ముందు మావ బల్ల మీద చేతులు ఆనించి కూర్చుని, కోర్టులో సాక్షిని అడిగినట్టు అడిగాడు. ఇది ఎందుకొచ్చింది? పోర్టులో ఎర్ర దుమ్ము మింగినందుకా? వాళ్ళమ్మ మొక్కిన మొక్కు తీర్చనందుకా? డాక్టరమ్మ నవ్వలేదు. "బీడీలు ఎప్పటి నుంచి?" అంది. "మీసం రాకముందు నుంచి" అన్నాడు. అప్పుడు ఆమె నెమ్మదిగా చెప్పింది. ఊపిరితిత్తి లోపలి పొరని ఆ పొగ ఏళ్ళ తరబడి కాలుస్తూ ఉంటే, కొన్ని కణాలు దారి తప్పి, ఆగమన్నా ఆగకుండా పెరుగుతాయట. దుమ్ము కూడా మేలు చెయ్యలేదు, కాని పెద్ద శత్రువు పొగే, మొక్కులకీ పాపాలకీ దీనితో సంబంధం లేదంది.

"మా నాన్న సుట్ట కాల్సి కాల్సి ముసిలోడై పోనాడు తల్లీ. ఆడికేటీ రాలేదు."

"వరదలో వాగు దాటినవాళ్ళంతా కొట్టుకుపోరు గురువులు గారూ. అలాగని వరదలో దిగమని మీరు మీ పిల్లలకి చెబుతారా?" అంది.

మావ ఆలోచించి తల ఊపాడు. ముందే తెలిస్తే కోసి తీసేసేవారా అని అడిగాడు. కొందరికి వీలవుతుంది, చాలామందికి దగ్గు ముదిరాక గాని తెలీదు, నరంలోకి ఎక్కించే మందులు కూడా ఉన్నాయి గాని ఈ రకానికి వాటితో పెద్ద గుణం ఉండదు, ఒళ్ళు మాత్రం గుల్లవుతుంది అని ఉన్నదున్నట్టు చెప్పింది. పోయే ప్రాణాన్ని కరెంటు నిలబెట్టదు గాని ఉన్న ప్రాణం సుఖపడుతుందంది. "అయితే పెట్టండి" అన్నాడు మావ. ఆనాటి నుంచి ఒక్క రోజు కూడా మానలేదు. బల్ల మీద పడుకోబెట్టి, మందపాటి తలుపు వేసి, అందరూ బయటికి వచ్చేస్తారు. నొప్పేమీ ఉండదట. "నన్నొక్కణ్ణీ లోపలెట్టి అందరూ పారిపోతారు, నాకు నవ్వొత్తాది" అనేవాడు. ఎక్కడికి వెళుతున్నాడో తెలిసిన మనిషి నడక వేరుగా ఉంటుంది బావా. రిక్షా దిగి ఆ మెట్ల మీద నాకంటే ముందు నడిచేవాడు.

బీడీలు మానేశాడు. "ఇప్పుడు మానితే ఏటి, మానకపోతే ఏటి" అని కొన్నాళ్ళు ఒకటీ అరా కాల్చాడు. పాప ఎప్పుడూ ఒళ్ళోనే ఉంటోంది, ఆ పొగ దాని మొహం మీదికి పోతోందని తనే గమనించి మానేశాడు. పొద్దున్న పూట చెయ్యి జేబు మీదికి పోతుంది, చూస్తే జాలేస్తుంది. మొన్న గంగరాజు చూడ్డానికి వచ్చి అలవాటుగా బీడీ ముట్టించబోతే, "బావా, నన్ను సూసి కూడా ముట్టిత్తన్నావా?" అన్నాడు, అంతే. గంగరాజు దాన్ని చెవి వెనక పెట్టుకుని కూర్చున్నాడు. వెళ్ళేటప్పుడు వీధిలో వెలిగించుకున్నాడో లేదో నేను చూడలేదు. నువ్వు సిగరెట్లు తగ్గించానని రాశావు. తగ్గించడం నాకు అక్కర్లేదు బావా, మానెయ్యి.

ఇక అసలు కబురు. పది రోజులుగా మావ గొంతు బొంగురుపోతోంది. నడుం దగ్గర వెన్నులో నొప్పి మొదలైంది. గురువారం డాక్టరమ్మ ఎక్స్‌రే తీయించి చూసి, వెన్నులోకి పాకిందని చెప్పింది. ఈసారి నన్ను పక్కకి పిలవలేదు, మావనే కూర్చోబెట్టి చెప్పింది. నొప్పి తగ్గడానికి అక్కడ కొన్నిసార్లు కరెంటు పెడతారు. గొంతు మాత్రం తిరిగి రాకపోవచ్చునట. రోజులు లెక్క చెప్పలేను, కొడుకుని పిలిపించుకోండి అంది. మావ ఆమెకి దండం పెట్టి బయటికి వచ్చి, రిక్షాలో కూర్చున్నాక, పద్మనాభంలో కోతలు మొదలయ్యాయో లేదో కనుక్కోమన్నాడు. నొప్పి కొంచెం నెమ్మదిస్తే ఒకసారి తీసుకెళ్ళి పొలం చూపించాలి. అది నువ్వే చెయ్యాలి.

నిన్న సాయంత్రం నేను కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటే మావ పలకరించాడు. గొంతు గాలిలా వస్తోంది, దగ్గరికి జరిగి విన్నాను.

"శ్రీరామ్మూర్తికేనా?"

"అవును మావా. నీకు చెప్పేశానని ఇన్నాళ్ళూ రాయలేదు. ఏమంటాడో అని భయంగా ఉంది."

"ఆడేటంటాడు? ఆ రోజు టేసనుకి ఎల్తా నా కాల్లకి దండమెట్టి, మొకం ఎత్తకుండా ఎల్లిపోనాడు. నామీద సిరాకేమో అనుకున్నాను. కన్నతండ్రికి అబద్దం సెప్పి రైలెక్కడం ఆడికెంత కట్టమయ్యిందో ఇప్పుడు తెలత్తంది. ఇంక ఆ బరువు మొయ్యక్కర్లేదని రాయి. వచ్చి నా ఎదర కూకోమను. నాకు గొంతుండగానే రమ్మను."

ఆ మాట ఆయన అన్నట్టే రాశాను. ఉత్తరం అందిన రోజునే బయల్దేరు.

ఇట్లు,
నీ రాక కోసం చూస్తున్న మరదలు,
గంగాభవాని