ఎగిరే ఈరన్న కథ బంద్ అయింది

అన్నా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. మన పటం కథ ఆగిపోయింది, ఆ సంగతి నీకే చెప్పాలె.

ఎగిరే ఈరన్నను ఇద్దరం కల్పించినం. నువ్వు కోదాడల, నేను మిర్యాలగూడల బొమ్మల పటం విప్పి వారం వారం వాని కథ చెప్పినం. ఆఖరి వారం నువ్వు వాన్ని యుద్ధంల సంపినవట. ఇంటికొచ్చినంక జరమొచ్చి, ఆ మాట నాకు చెప్పకముందే కన్నుమూసినవ్. అది తెల్వక నేనేమో మిర్యాలగూడల వానికి పెండ్లి చేసిన.

నిజాం రాజ్యం పోయి, ఆ లొల్లిల మూతబడ్డ దారులు తెరుసుకున్నంక, మొన్న సూర్యాపేట అంగట్ల రెండూర్లోళ్లు నా కథకు కూడిన్రు. కోదాడ అవ్వ ఒకామె లేచింది.

"సచ్చినోడు పెండ్లెట్ల చేసుకున్నడు బిడ్డా? మీ అన్న చెప్తుంటే నేను ఏడ్చిన."

మిర్యాలగూడోళ్లు వాడు బతికే ఉన్నడని లొల్లి పెట్టిన్రు. అంగడి పెద్దమనిషి, "ఏది నిజమో చెప్పు, లేకుంటే కథ బంద్," అన్నడు.

బతికిండంటే నువ్వు అబద్ధాలోడివైతవ్. సచ్చిండంటే మన కథే ఉండదు. సుట్టూ జనం, జరగనీకి జాగ లేదు.

"మా అన్న చెప్పిందే నిజం," అని చెప్పిన.

జనం లేచి పోయిన్రు. పటం సుడుతుంటే అవ్వ దగ్గరికొచ్చి, వాడు సచ్చిన కథ మళ్లొకసారి చెప్పమన్నది. నాకు తెల్వదని చెప్పిన. ఆమెనే నా పక్కన కూసొని, నువ్వు చెప్పినట్టే మొత్తం చెప్పింది.

నీ తమ్ముడు